మరచెంబులో చల్లని నీళ్లు

మా ఆయన నన్ను రాయమన్నది ఇది కాదు. ఊరు రాజధాని అయ్యాక మద్రాసు నుంచి వచ్చిపడిన గుమాస్తాలు కర్నూలులో ఎక్కడ తినాలో, సాయంత్రం పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలో ఆయన్నే అడుగుతారు. వాళ్ల ఆఫీసులో ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడు ఆయన ఒక్కరే మరి. "నువ్వు బి.ఎ. చదివినావు కదా, నాకు నచ్చిన చోట్లన్నీ కాగితం మీద చక్కగా రాసియ్యి. టైపు కొట్టించి అందరికీ పంచుతా" అన్నారు. ఆ కాగితం నెల రోజులుగా బల్ల మీద ఉంది. పాప నిద్రపోయాక రోజూ దాని ముందు కూర్చుంటాను. ఆ చోట్లలో ఒక్కదాని పేరు రాయడానికీ కలం కదలదు. అందుకని ఆ కాగితం పక్కకు నెట్టి, ఎందుకు కదలదో రాస్తున్నాను.

నాది కడప. అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇంటర్మీడియట్‌లో ఒకరోజు లెక్చరరు చెరువు నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి చూపించారు. అందులో ఈదుతున్నవాటిని చూశాక వారం రోజులు గ్లాసు నోటి దగ్గరికి తీసుకోవాలంటే ఒళ్లు జలదరించేది. అది చదువు నేర్పిన భయం. రెండోది ఇంట్లో నేర్చుకున్నాను. మా అక్క కొడుకు పొద్దున వసారాలో ఆడుకుంటూ ఉన్నవాడు, మధ్యాహ్నం వాంతులు, విరేచనాలు పట్టుకుని మరునాటికి లేడు. వాడికి పది నెలలు. ఆ రోజు వాడు తాగింది బావి నీళ్లే, ఇంటిల్లిపాదీ తాగినవే.

కాబట్టి నా కూతురు పుట్టినప్పటి నుంచి దాని నీళ్లు నేనే కాచి, నేనే వడగట్టి, నేనే చల్లారుస్తాను. బయటికి పోతే ఇత్తడి మరచెంబులో పోసి మూత బిగించి తీసుకుపోతాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం ఆయన, "ఈ ఊరికొచ్చి రెండేండ్లాయె, నా ఊరు నీకు ఒక్కసారన్నా సరిగ్గా చూపియ్యలే. పా పోదాం" అన్నారు. పాపకు అప్పుడు పదకొండు నెలలు. అంత ఎండలో ఎందుకంటే వినలేదు. సరే అని మరచెంబు నింపుకుని బయల్దేరాను.

మొదటిది ఆయన హోటలు. ఆయనది కాదు, కానీ అలాగే మాట్లాడతారు. పాత ఊళ్లో ఒక సందు చివర, మురుగు కాలువ మీద రెండు బండలు పరిచి, వాటి మీదుగా లోపలికి పోవాలి. నల్లటి నాపరాయి బల్లలు. వాటిని తుడిచే గుడ్డకు ఒక వాసన ఉంది, పుల్లగా, తడిగా. బల్ల తుడిచిన కొద్దీ ఆ వాసన బల్లంతా పరుచుకుంటుంది. ఆడవాళ్ల కోసం మూలన తెర కట్టిన గది ఉంది. దాన్ని ఫ్యామిలీ రూము అంటారు. ఆ తెర ఒకప్పుడు ఏ రంగుదో చెప్పలేను. చెయ్యి ఎత్తుకు వచ్చే చోట మాత్రం నల్లగా, జిగటగా ఉంది. లోపల కూర్చున్న ప్రతి కుటుంబమూ పోతూ పోతూ వేళ్లు దానికే తుడుచుకుని పోయింది.

"ఈడ ఉగ్గాని తింటే ఇంగ యాడా తినబుద్ధి కాదు" అన్నారు ఆయన.

ఆ మాట మాత్రం నిజమే.

వడ్డించే ఆయనకు అరవై దాటి ఉంటాయి. మా ఆయన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచి, ఒక్క చేత్తో పట్టుకొచ్చి మా ముందు పెట్టాడు. ఆ వేళ్ల గోళ్లు చూశాక నేను గ్లాసు వైపు చూడలేదు.

"తాగు తల్లీ. తుంగభద్ర చెలమ నీళ్లు. తెల్లారుజామున బిందెలతో తెప్పించి కుండల్లో పోస్తాం. కొళాయి నీళ్లు ఈడ వాకిలి కడగనీకే" అన్నాడు.

చెలమ అంటే ఎండిన నదిలో ఇసుక తవ్వితే ఊరే గుంట. ఇక్కడివాళ్లకు దాన్ని మించిన నీళ్లు లేవు. వచ్చినవాళ్లకు చెలమ నీళ్లు ఇవ్వడం మర్యాద. వద్దనడం ముఖం మీద కొట్టినట్టు. నేను మరచెంబు చూపించి, "పాపకు కాచిన నీళ్లు తెచ్చాను, తాతా" అన్నాను.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "కాచిన నీళ్లు జబ్బు పడినోళ్లకు కదమ్మా పోసేది? బిడ్డ గుండ్రాయి మాదిరి ఉండాది. మంచి బిడ్డకు రోగిష్టి నీళ్లు పోస్తే రోగాన్ని పిల్చినట్ల కాదా?"

మా ఆయన పకపకా నవ్వారు. "చెప్పు పెద్దాయనా, గట్టిగా చెప్పు. నేను చెప్తే ఇంటాదా ఆమె?"

ఉగ్గాని వచ్చింది. నానిన బొరుగుల మీద పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీలు. బజ్జీ విరిస్తే నూనె మునివేళ్ల మీదుగా మణికట్టు దాకా కారింది. ఎన్ని రోజుల నూనెనో, కిరసనాయిలు కంపు. ఇంతలో పాప చెయ్యి పళ్లెంలో పెట్టి పసుపంతా ముఖానికి పూసుకుంది. దాన్ని ఎత్తుకుని చెయ్యి కడగడానికి వెనక్కి పోయాను. అక్కడ ఒక రాతి తొట్టి ఉంది. ఎంగిలి పళ్లేలు అందులోనే ముంచుతున్నారు, తీస్తున్నారు, అవే ముందుకు పంపుతున్నారు. నీటి మీద కరివేపాకులు, ఉల్లిపొట్టు తేలుతున్నాయి. పాపను అక్కడ కడగలేక నా కొంగుతోనే తుడిచి తిరిగి వచ్చాను. మరచెంబు బల్ల మీద నేను పెట్టిన చోటే ఉంది. మూత బిగించే ఉంది. మా ఆయన, ఆ పెద్దాయన ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నా గురించే అనుకున్నాను. నాకది అలవాటే.

రెండోది బురుజు. పైకెక్కితే గాలి అద్భుతంగా ఉంటుందన్నారు. ఎక్కేవరకు ఏముంటుందో చెప్పలేదు. మెట్ల మలుపులు చూస్తే ఊళ్లో మగవాళ్లందరూ ఒంటేలుకు అక్కడికే వచ్చినట్టుంది. గబ్బిలాల కంపు, దాని మీద ఈ కంపు. పాప ముక్కు నా భుజానికి అదిమి పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కాను. పైన గాలి నిజంగానే బాగుంది. పీల్చడానికి మనసొప్పలేదు.

మూడోది నది. పొద్దు వాలే వేళకు ఇసుకలోకి దిగాం. దూరం నుంచి చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. తెల్లని ఇసుక, నడుమ చీరంచులా పారే నీళ్లు. కాలు పెట్టాకే తెలుస్తుంది. పొద్దున ఊరంతా చెంబులతో వచ్చి కూర్చునేది ఆ ఇసుకలోనే. ఎండకు ఎండినవి కొన్ని, ఎండనివి కొన్ని. పంచె ఎత్తిపట్టుకుని దాటుకుంటూ ఆయన ముందు నడుస్తున్నారు, నేను ఆయన అడుగుల్లో అడుగులు వేస్తున్నాను. వాటి మధ్యనే కుటుంబాలు దుప్పట్లు పరిచి చిత్రాన్నాలు తింటున్నాయి.

ఆ నదికి ఇంకొక వైభవం ఉంది. మన ఒడ్డున మద్యనిషేధం. అవతలి ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం, అక్కడ కల్లు దుకాణం బాహాటంగా నడుస్తుంది. ఎండాకాలం మోకాటి లోతు నీళ్లే కాబట్టి ఇక్కడి మగవాళ్లు పంచెలు ఎగగట్టి నడిచిపోయి, తాగి, నడిచొస్తారు. పోయేటప్పుడు తిన్నగా పోతారు. వచ్చేటప్పుడు నది వెడల్పవుతుంది వాళ్లకు.

"ఏమప్పా, రాలేదే?" అని ఒకాయన మా ఆయన్ను దూరం నుంచి కేకేశాడు.

"ఇంటామె ఉండాది!" అని ఈయన జవాబు.

"ఆమెను గూడా పిల్చకరాకూడదా? ఈత కల్లు చలవ!"

మా ఆయన నవ్వు ఆపుకోలేక నా వైపు చూసి ఆపుకున్నారు.

కొంచెం ఎగువన ముళ్ల కంప చుట్టిన చెలమ కనిపించింది. "అదే మన హోటలోళ్ల చెలమ" అన్నారు ఆయన, సొంత పొలం చూపించినట్టు. ఆ మాట పూర్తి కాకముందే అవతల నుంచి వచ్చిన ఒకడు తూలుకుంటూ పోయి ఆ కంప పక్కనే వంగి కక్కుకున్నాడు. కక్కి, మోకాళ్ల మీద కూలబడి, కంప తొలగించి, ఆ చెలమలోనే చెయ్యి పెట్టి నోరు పుక్కిలించాడు. పుల్లని కల్లు వాసన మా దాకా వచ్చింది.

"చూశారా!" అన్నాను.

"ఇసక అంతా వడగడతాదిలేమ్మే. ఒక గంటలో అద్దం మాదిరి అయితాది."

పాప దాహానికి ఏడవడం మొదలుపెట్టింది. నేను మరచెంబు తీశాను. ఆ క్షణంలో నాకెంత గర్వంగా ఉందో చెప్పాలి. ఈ మొత్తం ఊళ్లో శుభ్రమైనది ఒక్కటుందంటే అది నా చేతిలో ఉంది అనుకున్నాను. గిన్నెలో పోసి తాగించాను. పాప గటగటా తాగింది. మళ్లీ పోశాను. మళ్లీ తాగింది. ఇంట్లో గోరువెచ్చని నీళ్లకు మూతి తిప్పుకునే పిల్ల, గిన్నె వదలనంటోంది. మూడోసారి పోస్తుంటే నీళ్లు నా వేలి మీద పడ్డాయి.

చల్లగా ఉన్నాయి.

మధ్యాహ్నం కాచి ఇత్తడిలో పోసిన నీళ్లు కుండలో నీళ్లలా ఇంత చల్లగా ఎలా ఉంటాయి? మరచెంబు ఇసుకలోకి వంచాను. అడుగున రెండు మూడు ఇసుక రవ్వలు మెరిశాయి.

"ఈ నీళ్లెక్కడివి?" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "నువ్వు చెయ్యి కడగనీకి పోయినప్పుడు పెద్దాయన పాత నీళ్లు పారబోసి మంచివి పోసినాడు. బిడ్డ మీద ప్రేమతోనే. నేను చూస్తానే ఉంటి. చెప్తే నువ్వు గలాటా చేస్తావని..."

నేను గలాటా చెయ్యలేదు. పాపను భుజాన వేసుకుని ఇంటికి నడిచాను. ఈసారి కింద చూసి అడుగులు వెయ్యలేదు. కాళ్లకు ఏమంటుకుందో వాకిట్లో కడుక్కునేటప్పుడు చూశాను.

మరునాడంతా ఏమీ కాలేదు. ఆయన మూడుసార్లు "చూసినావా" అన్నారు. మూడో నాడు పొద్దున పాప పాలు తాగి కక్కింది. తర్వాత మొదలైంది. ఒక్కొక్క విరేచనానికి పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాను. డాక్టరు అడిగితే చెప్పడానికి అనుకున్నాను గానీ, చేతులు ఊరికే ఉండలేకనే గీశాను. మధ్యాహ్నానికి ఎనిమిది గీతలు. మా అక్క కొడుక్కి ఎన్నో మేం లెక్క పెట్టలేదు. డాక్టరు పొట్లాలు ఇచ్చి, కాచిన నీళ్లలో ఉప్పు, గ్లూకోజు కలిపి చెంచా చెంచాగా పోస్తూనే ఉండమన్నారు. పోశాను. కక్కింది. పోశాను. దాని కళ్లు లోపలికి పోయాయి. పెదవులు అట్టలు కట్టాయి. ఏడుస్తుంటే నోరు తెరుచుకుంటోంది గానీ కన్నీళ్లు రావడం లేదు. అది చూసి ఆయన గోడకానుకుని కింద కూర్చుండిపోయారు. "కాగినాయా? చల్లారినాయా?" అని నిమిషానికోసారి అడిగారు. తర్వాత అడగడం మానేసి, తనే పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోశారు. పొగకు కళ్లు తుడుచుకున్నారో, ఊరికే తుడుచుకున్నారో నేను చూడలేదు. ఆయన ముఖం చూడాలని లేదు నాకు.

పద్నాలుగో గీత దగ్గర ఆగింది. జబ్బు మొదలైన రెండో రోజు పొద్దు తిరిగే వేళకు పాప ఉచ్చ పోసి నా ఒడి తడిపింది. చీర తడిసినందుకు నేను ఏడ్చానంటే ఎవరు నమ్ముతారు!

ఆ సాయంత్రమే హోటలు పెద్దాయన వచ్చాడు. ఎవరు చెప్పారో, పాపకు బాగాలేదని విని, అంత దూరం ఎండలో రాగి బిందె భుజాన పెట్టుకుని వచ్చాడు. అంగీ భుజం తడిసిపోయి ఉంది.

"బిడ్డకు కొళాయి నీళ్లు పడినట్ల లేదు తల్లీ. ఆ నీళ్లల్లో ఏందేందో మందు కలుపుతారంట. అందుకే నేనే పోయి చెలమలో తోడుకొస్తి" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. ఆ ముసలాయన్ని ఏమనాలి? నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది నువ్వే అంటే, ఆ బిందె అక్కడే జారవిడిచేవాడు. అన్నా బాగుండేదేమోనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం బిందె అందుకుని, నీళ్లు గుండిగలోకి వడగట్టి పొయ్యి మీద పెట్టాను. వడగట్టిన బట్ట మీద సన్నని ఇసుక, ఒక చీమ, ఇంకేదో నల్లటి పీచు మిగిలాయి. బట్ట పెద్దాయనకు చూపించాను.

"ఇసకే కదమ్మా" అన్నాడు. తర్వాత పొయ్యి వైపు చూసి, తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. "సరేలే. బిడ్డ జబ్బు పడింది గాబట్టి ఇప్పుడు కాచినా తప్పులేదు. బాగైనాక పచ్చివి పొయ్యి."

"బాగయ్యాకా కాచే పోస్తాను, తాతా. ఇంక ఎప్పుడూ అంతే. మరచెంబు ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎప్పుడూనా? బంగారట్లాంటి నీళ్లను?" అని మా ఆయన వైపు తిరిగాడు. "ఏమప్పా, ఏం జెప్పవా?"

మా ఆయన లేచి, గోడ మీద బొగ్గు గీతలు చూపించారు. "లెక్కబెట్టు పెద్దాయనా" అన్నారు. "నీ నీళ్లు తాగినాక అవి. నువ్వు పోస్తాంటే చూస్తా కూర్చునింది నేనే."

పెద్దాయన గోడ దగ్గరికి పోయి, వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆఖరి గీత మీంచి వేలు తీసి, ఖాళీ బిందె తీసుకుని, పాప వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

పాప ఇప్పుడు నడుస్తోంది. ఆయన ఇంకా ఆ హోటలుకే పోతున్నారు. బట్టలకు ఆ నూనె కంపు పట్టుకుని వస్తారు, చొక్కా వాకిట్లోనే విప్పించి లోపలికి రానిస్తాను. పోయిన వారం పక్క వాటాలోకి కొత్తగా దిగిన మద్రాసు గుమాస్తా, చంకలో చంటిపిల్లతో వచ్చి మంచి హోటలు ఏదని అడిగాడు. మా ఆయన ఉగ్గాని గురించి మొదలుపెట్టారు, బురుజు గాలి గురించి చెప్పారు, నది దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"బిడ్డను మాత్రం తీసుకపోవద్దు" అన్నారు. "తీసుకపోతే, నీళ్ల చెంబు చేతిలోంచి కింద పెట్టొద్దండీ. ఎవరెంత ప్రేమగా అడిగినా సరే."

ఆ గీతలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. పండక్కి సున్నం వేయిద్దామని ఆయన అంటే, ఆ మూల వదిలేసి వేయించమన్నాను.