కొబ్బరి మొదట్లో పోసిన నీళ్ళు

మా చర్చి సంఘంలో మూడు రోజుల ఉపవాసం అంటే నీళ్ళు కూడా ముట్టకూడదు. తిండి మానేసి నీళ్ళు తాగేవాళ్ళని చూసి మేం నవ్వేవాళ్ళం. అది లోకస్తుల ఉపవాసం అనేవాళ్ళం. ఉమ్మి మింగినా తప్పేనా అని ఒక పిల్ల అమాయకంగా అడిగితే వారం పాటు దాన్ని ఏడిపించాం. కఠినోపవాసం అని పేరు. పెద్దవాళ్ళు ఏడాదికోసారి చేసేవారు. నేను యూత్ లీడర్నయ్యాక ఒక్క ఏడాదిలో మూడుసార్లు చేయించాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. టెక్కలిలో డిగ్రీ పూర్తిచేసి వచ్చాను. నోరు పెద్దది, భయం లేదు, నాకు తెలియనిది ఏదైనా ఉంటుందన్న అనుమానం అంతకన్నా లేదు.

మాది పలాసకి తూర్పున, సముద్రానికి ఇవతల, జీడితోటల మధ్య ఊరు. చర్చి అంటే రేకుల షెడ్డు. వెనకాల నాలుగు కొబ్బరిచెట్లు, తుఫానుకి పడిపోకుండా మిగిలినవి. ఎండాకాలం వస్తే తోటల్లో జీడిపళ్ళు రాలి కుళ్ళి ఊరంతా పులిసిన వాసన వేస్తుంది.

మా వైపు 'కిడ్నీ వచ్చింది' అంటారు. జొరం వచ్చింది అన్నట్టే. ఎందుకు వస్తుందో పెద్ద డాక్టర్లే తేల్చుకోలేకపోయారు. నీళ్ళన్నారు, ఎండన్నారు, ఇంకేదో అన్నారు. ఎవరేమన్నా మనుషులు మాత్రం పోతూనే ఉన్నారు. అందుకని ఊళ్ళో ఒక అలవాటు వచ్చేసింది. ఎవరూ దాని గురించి మాట్లాడరు కానీ అందరూ చూస్తారు. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నప్పుడు పాదం మీద చెప్పు పట్టీ గుర్తు ఎంత లోతుగా దిగిందో చూస్తారు. కిడ్నీ వచ్చి పాదం వాచినవాడికి ఆ గుర్తు బేగి పోదు. పాటల పుస్తకాలు పంచడం నా పని కాబట్టి గుమ్మం దగ్గర నిలబడేది నేనే. అందరికంటే ముందు నా కంటికే పడేది.

చూసినవాళ్ళు చెప్పరు. గుర్తు కనపడినవాళ్ళు పరీక్షకి వెళ్ళరు. నర్సమ్మ రక్తం తీయడానికి వస్తుందంటే సగం ఊరు తోటల్లోకి పోతుంది. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇళ్ళయితే తలుపులే వేసేస్తారు. తెలియనంత కాలం రోగం లేనట్టే లెక్క.

ఆ ఏడాది మూడో కఠినోపవాసం పెట్టింది ఒక మనిషి కోసం. ఆయన మా సంఘంలో డోలక్ వాయించేవాడు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. ఆదివారం పాస్టరు అయ్యగారి పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, వాయించలేక, వేళ్ళతో మోకాలి మీద తాళం వేసుకునేవాడు. ఆయన కూతురు మా యూత్‌లో ఉండేది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నెమ్మది. నన్ను అక్కా అని పిలిచేది. పలాసలో జీడిపప్పు బట్టీలో నా పక్కనే కూర్చుని పప్పు ఏరేది. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. నేను మనుషుల్ని కూడా అలాగే ఏరేదాన్ని అప్పట్లో. భక్తి నిండుగా ఉన్నవాళ్ళు ఒకవైపు, సగం సగం వాళ్ళు ఇంకోవైపు. ఆ పిల్లని బద్దల్లో వేశాను. కన్నీళ్ళతో ప్రార్థన చేయదు, గట్టిగా స్తోత్రం చెప్పదు, ఎప్పుడు చూసినా సంచిలో ఒక నీళ్ళ సీసా.

మే నెలలో గురువారం పొద్దున్న ఉపవాసం మొదలైంది. పదకొండు మందిమి. మా మామ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. మా అమ్మా నాన్నా చర్చికి వచ్చారు కానీ మామ్మ రాలేదు. ఆవిడ దేవుళ్ళు ఆవిడవి. ఏకాదశి ఉపవాసాలు జీవితమంతా చేసిన మనిషి.

"ఏటే, మూడు రోజులు నీలు కూడా తాగరా?" అంది.

"తాగం."

"ఈ ఎండలోన? నా దేవుడికి నానెన్ని ఉపాసాలున్నానో నీకు తెల్దు. నీలొద్దన్నాడా ఎప్పుడైనా? మీ దేవుడికి మరీ అంత కోపమేటే గుంటా?"

"నీకు అర్థం కాదులే మామ్మా" అన్నాను. ఆ రోజుల్లో నా నోట్లో ఎక్కువగా ఉండే మాట అదే.

మొదటి రోజు పాటలతో గడిచిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం రేకులు కాలి షెడ్డులో ఊపిరాడలేదు. పిల్లల పెదాలు తెల్లగా పగిలాయి. ఒకడు తూలి పడితే పరిశుద్ధాత్మ ఆవరించిందని అందరం చుట్టూ చేరి గట్టిగా ప్రార్థించాం. వాడి చెయ్యి పట్టుకుంటే నిప్పులా ఉంది. నాకు భయం వేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు వేస్తుంది.

అప్పుడే డోలక్ ఆయన కూతురు కనిపించడం లేదని గమనించాను. లేచి వెనక్కి వెళ్ళాను. కొబ్బరిచెట్ల నీడలో మోకాళ్ళ మీద కూర్చుని సీసా మూత తీస్తోంది. ఇంకా తాగలేదు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాను.

మూత చేతిలో పట్టుకుని అలాగే చూసింది. "అక్కా, నర్సమ్మ నీలు మానొద్దంది. ఏ పరిత్తితుల్లోనూ మానొద్దంది."

ఎందుకు మానొద్దంది అని నేను అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగాలి. గుమ్మం దగ్గర ఆ పిల్ల పాదం మీద పట్టీ గుర్తు రెండు వారాలుగా చూస్తున్నాను. కొత్త చెప్పులు కొరికాయేమో అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాను. చూసినవాళ్ళు చెప్పరని రాశాను కదా, ఆ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"నర్సమ్మ మాట గొప్పదా, దేవుడి మాట గొప్పదా?" అన్నాను.

మూత సీసా మీద పెట్టింది కానీ బిగించలేదు.

"అక్కడ మీ నాన్న చచ్చిపోతన్నాడు. ఆయన కోసం ఒక్క గుక్క ఆపుకోలేవా?"

సీసా నా చేతికి తనే ఇచ్చింది. లాక్కున్నానని ఎవరికైనా చెప్పుకుంటే కొంచెం తేలికగా ఉండేదేమో. లాక్కోలేదు. ఇచ్చింది. నేను ఆ నీళ్ళని కొబ్బరి మొదట్లో పోసేశాను. ఇసక కదా, గుటుక్కున పీల్చేసింది. ఖాళీ సీసా తిరిగి ఇచ్చి, భుజం మీద చెయ్యి వేసి, లోపలికి తీసుకొచ్చాను. పెద్ద ఘనకార్యం చేసినట్టే ఉంది నాకు.

మూడో రోజు సాయంత్రం ఆ పిల్ల సాక్ష్యం చెప్పింది. జీవితంలో మొదటిసారి. "నాను బలహీనురాల్ని, దేవుడు నిలబెట్టాడు" అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేను.

పది రోజులకి మొహం వాచింది. తరవాత వాంతులు. పలాస నుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. వాళ్ళమ్మతో నేనూ వెళ్ళాను. డాక్టరు కాగితాలు చూస్తూ, ఇది ముందే మొదలైంది, నాలుగు నెలల కిందటి పరీక్షలోనే ఉంది, మీకు చెప్పలేదా అని అడిగాడు. వాళ్ళమ్మ కూతురి వైపు చూసింది. కూతురు గోడ వైపు చూసింది. నాన్న రోగంతోనే ఇల్లు కుంగిపోయి ఉంది, గోరుచుట్టు మీద రోకటి పోటు ఎందుకని ఆ కాగితం పెట్టె అడుగున దాచేసిందట.

"మధ్యలో ఏమైనా నీళ్ళు తక్కువ తాగిందా?" అన్నాడు డాక్టరు.

ఆ పిల్లే చెప్పింది. "ఉపాసం ఉన్నానండి. నానే ఉన్నాను. ఎవులూ సెప్పలేదు."

ఆ మూడు రోజులే దీనికంతటికీ కారణమా అంటే డాక్టరు అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఉండాల్సిన దానికన్నా బేగి ముదిరింది అన్నాడు. అంతే.

ఆ వానాకాలంలో వాళ్ళ నాన్న పోయాడు. తరవాత ఏడాదికి, ఆయన పడుకున్న ఆ ఆస్పత్రిలోనే, ఆ పిల్ల మిషనెక్కడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళయింది. బుధవారం, శనివారం ఆటోలో పలాస తీసుకెళ్ళేది నేనే. ఊరంతా నన్ను మెచ్చుకుంటుంది, సొంత చెల్లెల్ని కూడా ఎవరు ఇంతలా చూస్తారని. నేను ఊరుకుంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది ఆ మెచ్చుకోలు వింటుంటే.

డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు. రోజుకి ఇన్ని గ్లాసులని డాక్టరు చెప్పాడు. ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంది, దాంతో కొలుస్తాం. ఎండాకాలం దాహానికి ఆ పిల్ల తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటుంది. నా చేత్తో గ్లాసు నింపి, ఇక చాలు అని చెప్పేది కూడా నేనే. నేను మొదలుపెట్టించిన ఉపవాసానికి మూడో రోజు ఎప్పటికీ రాదు.

ఎందుకు చెప్పలేదని ఒకసారి అడిగాను, ఆటోలో, హరిపురం దాటాక. సీసా నేను పారబోశానని వాళ్ళమ్మకి కూడా ఎందుకు చెప్పలేదని.

"సెప్తే నువ్వు సచ్చిపోదువు అక్కా" అంది. "నాకు ఆటోలో తోడెవులొత్తారు మరి?" అని నవ్వింది.

భక్తిలో సగం మనిషని నేను ఏరి పక్కన పెట్టింది ఈ పిల్లనే. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

ఈ వేసవిలో, మొన్న శుక్రవారం, యూత్ కూడికకి నన్ను పిలిచారు. లీడరు ఇప్పుడు వేరే అమ్మాయి. పద్దెనిమిదేళ్ళు, గట్టి గొంతు, కళ్ళలో ఒక మెరుపు. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. రేపటి నుంచి మూడు రోజులు కఠినోపవాసం అని చెప్పింది. "మన అక్క స్వస్థత కోసం" అని వెనక బెంచీలో కూర్చున్న ఆ పిల్ల వైపు చెయ్యి చూపించింది. ప్రార్థనతో ప్రారంభించమని నన్ను అడిగింది.

నేను లేచాను. బయట జీడిపళ్ళ వాసన. గుమ్మం దగ్గర చెప్పుల వరస. లోపల పద్నాలుగు జతల పాదాలు. చూడకూడదనుకుంటూనే చూశాను. కిటికీ పక్కన కూర్చున్న ఒక అబ్బాయి కాలి మీద పట్టీ గుర్తుంది. లీడరు అమ్మాయి కాలి మీద కూడా, సన్నగా, ఉందో లేదో అన్నట్టు.

ప్రార్థన చేయలేదు. కొబ్బరిచెట్ల దగ్గర ఏం చేశానో మొదటి నుంచి చెప్పాను. సీసా, నర్సమ్మ మాట, వాళ్ళ నాన్న పేరు పెట్టి నేనన్న మాట, అన్నీ. మధ్యలో ఆపలేదు. దేవుడు అడగని దాన్ని దేవుడి పేరు మీద నేను అడిగానని చెప్పాను. ఆ నీళ్ళు పారబోసింది భక్తితో కాదు, నా మాట నెగ్గాలని.

చెప్పడం అయిపోయాక అయ్యగారు కళ్ళు తుడుచుకుని "స్తోత్రం, ఎంత గొప్ప సాక్ష్యం" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. వీళ్ళు దీన్ని కూడా సాక్ష్యం చేసేసుకుంటారు, రేపు ఉపవాసం చేస్తారు.

లీడరు అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా "అయితే అక్కా, ఒక్క రోజు చేస్తే పరవాలేదా?" అంది.

నేను నోరు తెరిచేలోగా వెనక బెంచీలోంచి ఆ పిల్ల లేచింది. గోడ పట్టుకుని నడిచి వచ్చింది. సంచిలోంచి తన చిన్న స్టీలు గ్లాసు తీసింది. ఆ రోజు తన కొలతలో మిగిలిన నీళ్ళు సీసాలోంచి అందులో పోసింది. లీడరు చేతిలో పెట్టింది.

"నా కోసం ఏటైనా సెయ్యాలనుంటే ఇది తాగు" అంది. "నాను తాగలేనవి మీరు తాగండి. సోమారం నర్సమ్మొత్తాది. అందరూ రగతం ఇయ్యండి. తోటల్లోకి పారిపోకండి. ఇదే నాకు ఉపాసం."

చప్పట్లు లేవు. ఆ అమ్మాయి అయ్యగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగేసింది. పక్కవాడు బయటి క్యానులోంచి నింపుకున్నాడు. గ్లాసు చేతులు మారుతూ వరస చివరికి వచ్చింది, నా దగ్గరికి.

నాలుగేళ్ళుగా ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. నా రక్తం ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నర్సమ్మ వస్తే బట్టీలో పనుందని వెళ్ళిపోతాను. ఈ సంగతి నా సాక్ష్యంలో చెప్పలేదు. ఆ పిల్లకి తెలుసని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వూనక్కా" అంది, నా పాదాల మీద పట్టీ పడే చోట చూస్తూ.

నేను గ్లాసు అందుకున్నాను. సోమవారానికి ఇంకా మూడు రోజులు.