అన్‌సీజన్ ప్రేమ్‌రాజ్ ఊటీ ప్రయాణం

ప్రేమ్‌రాజ్‌కి ఒకటే జబ్బు. ఏ పనైనా సరే, దాని కాలం దాటిపోయాక గాని చేయడు. లోకమంతా జూన్‌లో గొడుగు బాగుచేయించుకుంటే ఆయన జనవరిలో చేయిస్తాడు. కూలర్‌కి గడ్డి మార్పించేది డిసెంబరులో. పదో తరగతి గైడు, పరీక్షలు అయిపోయిన మర్నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొంటాడు. ఇంట్లో పదో తరగతి చదివేవాళ్లు ఎవరూ లేరు, అది వేరే సంగతి. నాంపల్లి స్టేషన్‌లో ముప్పై నాలుగేళ్లు పార్సిల్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. స్టేషన్ వెనక గల్లీలో ప్రేమ్‌రాజ్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అన్‌సీజన్ సార్ అంటే చాలు, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దింపుతారు.

ఆయన భార్య బెత్సీ మిషన్ స్కూల్లో టీచరుగా చేసింది. ఎంత మొద్దు పిల్లకైనా లెక్కలు ఎక్కించిన ఆ తల్లికి ముప్పై ఎనిమిదేళ్లుగా మొగుడి లెక్క మాత్రం అంతు చిక్కలేదు. పిసినారితనం అనుకుందామా అంటే, ఆయన ఎక్కడా బేరమాడడు. పిచ్చి అనుకుందామా అంటే, పెన్షన్ కాగితాలు నింపడంలో గల్లీ మొత్తానికీ ఆయనే దిక్కు.

మొన్న జనవరిలో ఆమె కూరగాయలకని వెంట వెళ్తే, ఆబిడ్స్‌లో గొడుగులు బాగుచేసే రాజనర్సు ముందు ఆగిపోయాడు.

"సార్, మొగులు మీద మబ్బు తునక లేదు. గిప్పుడు గొడుగేంది?" అన్నాడు రాజనర్సు.

"వానలు పడ్డంక నీకు నాతోని మాట్లాడే తీరిక ఉంటదా?"

"పోయిన నెలనే గదా చేసిచ్చిన. గిది మంచిగనే ఉన్నది."

"జర సరిగ్గ చూడు. ఒక పుల్ల వంగింది."

రాజనర్సు తిప్పి తిప్పి చూశాడు. ఏ పుల్లా వంగలేదు. ప్రేమ్‌రాజ్ గొడుగు అందుకుని, మోకాలికి ఆనించి ఒక పుల్ల వంచి, "ఇగో, గిది," అని చూపించాడు. బెత్సీ తనకూ ఆ మనిషికీ ఏ సంబంధం లేనట్టు ఎదురు దుకాణంలో బకెట్ల ధర అడగడం మొదలుపెట్టింది.

జనవరిలో ఊరు ఊరంతా నుమాయిష్ ఎగ్జిబిషన్‌కని నాంపల్లికి వస్తే ఆయన ఆ గేటు వైపు కన్నెత్తి చూడడు. జులైలో, దుకాణాలన్నీ ఎత్తేశాక, తీరిగ్గా వెళ్తాడు.

"ఏం చూసొచ్చిన్రు?" అని అడుగుతుంది బెత్సీ.

"వాచ్‌మన్‌ను చూసొచ్చిన. మంచిగనే ఉన్నడు."

అసలు పెళ్లిలోనే ఆమె మేలుకోవలసింది. ముహూర్తాల పట్టింపు లేని క్రైస్తవ కుటుంబాలే గాని, పట్టుబట్టి ఆషాఢంలోనే పెళ్లి పెట్టించాడు. ఆషాఢంలో ఊళ్లో ఇంకో పెళ్లి ఉండదు కదా, బ్యాండువాళ్లంతా ఖాళీ. ఒక్క బ్యాండు మాట్లాడమంటే పెళ్లికొడుకు మూడు బ్యాండ్లు మాట్లాడాడు. చర్చి నుంచి ఇంటి దాకా మూడు మేళాలు మూడు పాటలు వాయించాయి. "ఆషాఢంల గీ పెండ్లి ఎవరిదిరా" అని నాంపల్లి అంతా అరుగులెక్కి చూసింది. బ్యాండువాళ్లు మూడు బంతులు కూర్చుని తిన్నారు. ఆ రోజు పెళ్లికూతురి తండ్రి పాస్టరుగారిని పక్కకు పిలిచి, పిల్లవాడి తల సరిగానే ఉందా అని అడిగాడట. అప్పటికే ప్రమాణాలు అయిపోయాయి.

ఆ పెళ్లికి వచ్చిన కానుకల్లో ఒక క్యాలెండరు ఉంది. దాని మీద ఊటీ బొటానికల్ గార్డెన్, కొండవాలు నిండా పూలు. బెత్సీ ఆ బొమ్మ చూసి, జీవితంలో మొదటిసారి మొగుణ్ని ఒక కోరిక కోరింది. "గాడికి పోదామండి." ఆయన వెంటనే ఔ అన్నాడు. తర్వాత ప్రతి ఏప్రిల్‌లో ఆమె గుర్తు చేయడం, "గిప్పుడు గుంపు ఉంటది, జర ఆగు," అని ఆయన అనడం. ఆగీ ఆగీ ఆమెకు అరవై ఒకటి నిండాయి. మోకాళ్లు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి. ఇంక చూస్తానన్న ఆశ సగం చచ్చిపోయింది.

సరిగ్గా అప్పుడు, జనవరి మూడో వారంలో, ప్రేమ్‌రాజ్ రైల్వే పాసు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఊటీ పోదాం, సామాను సర్దు."

"గీ చలిల పూలుంటయా?"

"తోట యాడికి పోతది?"

ప్రశ్నకు జవాబు అది కాదని పంతులమ్మకు తెలియాలి. సంతోషంలో తట్టలేదు. పూల పక్కన నిలబడి ఫోటో దిగడానికని ఆబిడ్స్ వెళ్లి గులాబీరంగు చీర కొనుక్కుంది.

ఊటీలో దిగేసరికి ఆ చీర మీద రెండు స్వెటర్లు, వాటి మీద శాలువా, దాని మీద ప్రేమ్‌రాజ్ కోటు. చీర ఉందన్న సంగతి ఆమె ఒక్కతికే తెలుసు. పొద్దున గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంది. ముప్పై గదుల లాడ్జిలో వీళ్లిద్దరే.

"దొరలు ఎండకు తాళలేక గీ ఊరు కట్టుకున్నరు," అన్నాడు ప్రేమ్‌రాజ్, ఎర్రటి పాత బంగళాలు చూపిస్తూ.

"వాళ్లు ఎండాకాలంల వచ్చిన్రు. వాళ్లకు తెలివున్నది," అంది బెత్సీ.

చెరువు దగ్గర గుర్రం మనిషి కంబళి కప్పుకుని గుర్రానికి ఆనుకుని నిద్రపోతున్నాడు. ప్రేమ్‌రాజ్ అతన్ని లేపి, అరవై ఐదేళ్ల వయసులో గుర్రమెక్కి, చెరువు పొడుగునా రెండుసార్లు తిరిగాడు. దిగాక కాళ్లు దగ్గరకు రాలేదు. అలాగే విల్లులా నడుస్తూ, ఒక్క గిరాకీ లేని టీకొట్టులో రెండేసి టీలు, పక్కన ఇంకో టీకొట్టులో మరో రెండేసి టీలు తాగించాడు. బెత్సీ అన్నీ ఓర్చుకుంది. తోట ఉంది కదా అనుకుంది.

తోటలో ఒక్క పువ్వు లేదు. క్యాలెండరులో పూలు పరుచుకున్న చోట తవ్విపోసిన ఎర్రమట్టి. దూరంగా షెడ్డు దగ్గర ఒక తోటమాలి, నడివయసు ఆడమనిషి, ఒక్కతే కూర్చుని కుండీలు నింపుతోంది. అంతే.

బెత్సీ బెంచీ మీద కూలబడింది. ముప్పై ఎనిమిదేళ్ల కోపం ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఎందుకండీ మీకు గీ పిచ్చి? ఇయ్యాల చెప్పకపోతే నేను గీడికెళ్లి కదల."

ప్రేమ్‌రాజ్ మఫ్లరు సర్దుకున్నాడు. తప్పించుకోవడానికి అటూ ఇటూ చూశాడు. ఆ తోటమాలి తప్ప మనిషన్నవాడు కనపడలేదు. అన్‌సీజన్ కదా.

"మా నాయన ఐసు బండి నడిపెటోడు, ఎరికే గదా," అన్నాడు చివరికి. "స్టేషన్ ముంగట. ఎండాకాలం మస్తు గిరాకి. చలికాలం ఒక్క పురుగు రాకపోతుండె. ఐసు కరిగి మోరిల పోతుండె. నాయన ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుతుండె. ఒకాయన మాత్రం వస్తుండె, మంకీ క్యాపు పెట్టుకోని. పండ్లు టకటక కొట్టుకుంటుంటె రెండు ఐసులు తినిపోతుండె. ఆయన వచ్చిన దినం నాయన ఈల ఏసుకుంట ఇంటికొస్తుండె."

"ఎవరాయన?"

"ఎరక లేదు. నాయన గూడ అడగలే."

బెత్సీకి వంగని గొడుగు పుల్ల కళ్లముందు కదిలింది. మూడు బంతులు తిన్న బ్యాండువాళ్లు కూడా. "మరి గిన్నేండ్లు ఒక్క ముక్క చెప్పలేదేంది?"

"చెప్తే నన్ను మంచోడు అనుకుంటవు. మంచోనితోని కాపురం కష్టం, బెత్సీ. కోపానికొచ్చినా తిట్టరాదు."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, అడగవలసింది మాత్రం అడిగేసింది.

"లోకంల అందరి అన్‌సీజన్ మీకు కనబడ్డది. నా సీజన్ ఎప్పుడండీ?"

ప్రేమ్‌రాజ్ వంగి, ఆమె మీదున్న తన కోటు గుండీలు మెడ దాకా పెట్టాడు.

ఇంతలో షెడ్డు దగ్గరి తోటమాలి బెత్సీని చూసి చెయ్యూపి పిలిచింది. ఆమెది తమిళం, బెత్సీది తెలుగు. ఆమె నారుమొక్కల తట్ట చూపించి, "మే, మే," అంటూ మూసిన వేళ్లు పువ్వు విచ్చినట్టు విప్పింది. మే నెలలో వేల మంది చూసే పూలన్నీ ఇవేనని బెత్సీకి అర్థమైంది. సీజన్‌లో ఈ తోటలో ఆకు ముట్టుకున్నా విజిల్ వేస్తారు. ఇప్పుడు ఆమె తట్ట తెచ్చి బెత్సీ ఒడిలోనే పెట్టింది.

కోటు పోయింది, శాలువా పోయింది, స్వెటర్లు పోయాయి. గులాబీరంగు చీర కొంగు బిగించి బెత్సీ మధ్యాహ్నం దాకా నాటింది. లెక్కల టీచరు కాబట్టి, వరస వంకరపోతే తోటమాలి నాటినవి కూడా పీకి సరిచేసింది. ఆ తోటమాలి కడుపుబ్బ నవ్వి, చివరి కుండీ మీద పేరు రాయమని సుద్దముక్క ఇచ్చింది. బెత్సీ తెలుగులో తన పేరు రాసింది. ఆమెకు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు.

తిరిగి వస్తుంటే ప్రేమ్‌రాజ్ గేటు దగ్గర ఆగాడు.

"మేల వద్దాం."

చలికి చెవులు పనిచేయడం లేదేమో అనుకుంది బెత్సీ. "ఏందీ?"

"మేల. సీజన్ల. నీ కుండీలు పూస్తయి గదా. పాసు రాయిస్త."

ఆమె ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. "మరి జనవరి?"

"నీ ఇష్టం."

"జనవరిల గూడ రావాలె. ఆమె ఒక్కతే అన్ని కుండీలు ఎట్ల నింపుతది? అదిగాక వరసలు వంకర పెడ్తది."

ఆయన బుద్ధిగా తలూపాడు. పది అడుగులు వేశాక మొహంలో దిగులు కనపడింది.

"బెత్సీ, మేల గీడ వేలమంది ఉంటరంట. నాతోని ఎవ్వనికి పనుండదు. గంత మందిల నేనేం జేయాలె?"

"నాతోని ఫోటో దిగాలె," అంది బెత్సీ.