లైబ్రరీ గుమ్మం ముందు నలభై జతలు

మొన్న తిరుపతిలో ఒక పెళ్లిమండపం బయట, వానకు తడిసిన తోలుచెప్పుల వాసన తగిలింది. అందరూ ముక్కు మూసుకుంటే నాకు కనకవల్లి మేడమ్ గుర్తొచ్చింది. ఈ మాట వింటే ఆవిడే ముందు నవ్వేది.

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో మా ఊరు. డెబ్భైల చివర్లో అక్కడ గ్రంథాలయం పుట్టింది. ఒక బియ్యం వ్యాపారి ఖాళీ చేసిన గోదాము, రెండు బీరువాలు, లైబ్రేరియన్‌గా మేడమ్, అంతే. మొదటి ఏడాది పుస్తకం తెరిస్తే బియ్యప్పురుగులు రాలేవి. ఎదురుగా నా సైకిల్ షాపు. ఆరో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. పాతికేళ్ల వయసులో మళ్లీ పుస్తకం పట్టింది పంక్చర్లు లేని మధ్యాహ్నాలు గడవకనే. చిక్కల్లా ఒకటే, పైకి చదివితే తప్ప నా బుర్రకెక్కదు. ‘నిశ్శబ్దం’ అన్న పలక కిందే రెండు రోజులు గోల చేశాక మేడమ్ పిలిచింది.

“మునిరత్నం, ఈ గోదాము పెరట్లో చింతపండు కొట్టే ఆడోళ్లు నీ గొంతు బాగుండాదంటారు. ఈడ అరిసే బదులు ఆడికే పో. పుస్తకం నేనిస్తా.”

అలా రోజూ మూడు గంటలకు పెరట్లో నా చదువు మొదలైంది. చింతపండు కొట్టే మంగమ్మవ్వ మొదలు బండివాళ్ల దాకా చేరారు. చదువులతల్లి ఉండేచోటికి చెప్పులతో పోతే కళ్లు పోతాయని అవ్వ తీర్పు చెప్పడంతో, అందరూ గుమ్మం ముందే విడిచి పెరట్లోకి వచ్చేవారు. రిజిస్టర్లో మాత్రం సంతకం వచ్చినవాళ్లే. రోజుకు తొమ్మిదో, పదో.

ఇంత కొద్దిమందికి గ్రంథాలయం దేనికి, పుస్తకాలు వేరే ఊరికి తరలిస్తామని పైనుంచి కబురొచ్చింది. తనిఖీకి ఆఫీసరు వస్తాడన్నారు.

“నేను రెండు చేతులతో నలభై సంతకాలు పెడతాను మేడమ్,” అన్నాను.

“లేనోళ్లని నువ్వు పుట్టించొద్దు. ఉండేవోళ్లు సాలు,” అంది. తుడిచిన బీరువానే మళ్లీ తుడిచింది.

ఆ రోజు వాన కురిసి వెలిసింది. ఆఫీసరు రిజిస్టరు తిప్పి, “తొమ్మిది మందికి ఒక లైబ్రరీనా అమ్మా?” అన్నాడు. మేడమ్ గుమ్మం వైపు చూపించింది.

“ఈ చెప్పులన్నీ ఎవరివి?”

“లెక్కబెట్టుకోండి సార్.”

నలభై జతలు లెక్కబెట్టుకుని పెరట్లోకి వచ్చాడాయన. కథలో నాయకుడు బావిలో పడ్డాడు. ఆఫీసరును చూడగానే నా గొంతూ అందులోనే పడింది.

“ఎవురప్పా నువ్వు, అడ్డం నిలబడితివి?” అంది మంగమ్మవ్వ. “సెప్పులిడిసి కూర్చో. వాడు తేలేదాకా ఉండు.”

ఆయన బూట్ల లేసులు విప్పుకుని గోనెపట్ట మీద కూర్చున్నాడు. నేను అధ్యాయం ముగించి పుస్తకం మూశాను.

“తేలినాడా, లేదా?”

“రేపు సార్. ఈడ అదే రూలు.”

అప్పటికి ఆయన బస్సు పోయింది. రిజిస్టర్లో పదోవాడిగా సంతకం పెట్టి, కింద ‘సంతకం లేని పాఠకులు నలభై మంది’ అని రాశాడు. వేరే బస్సుకని ఆయన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పెద్ద రోడ్డు దాకా దించాను. దారంతా అదే అడిగాడు. నేను చెప్పలేదు. కొన్నాళ్లకు గ్రంథాలయం అక్కడే ఉంటుందని ఉత్తరువు వచ్చింది. కాగితం వెనక పెన్సిల్‌తో ఒక వాక్యం: ‘బావిలోవాడి సంగతేమి?’ మేడమ్ ఆ కాగితం పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇప్పటికీ ఎవరు చదవమన్నా ముందు గుమ్మం బయటికి చూస్తాను. రెండు జతలుంటే చాలు, గొంతు సవరించుకుంటాను. బావిలోవాణ్ణి మాత్రం ఒక్కరోజులో పైకి తీయను.