మజ్లిస్‌లో మెలకువొచ్చిన కంప్యూటర్

సౌదీలోని బురైదాలో నేను బాగుచేయని యంత్రం లేదని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పింది నేనే. నిజానికి నాకొచ్చింది ఏసీల పని, కొంచెం వైరింగు.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకాత్ రూలు వచ్చి, బయటి దేశపు పనివాడికింత అని యజమాని లెవీ కట్టాల్సిన రోజులవి. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని, అప్పటికే ఇద్దరిని ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేశాడు. నా ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, నెలాఖరుకు అయిపోతుంది. రెన్యువల్ మాటెత్తితే ఫోన్ చూసుకునేవాడు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం తన ఇంటి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో, గోనెసంచిలోంచి ఏదో తీసి నా ముందు పెట్టాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిన కంప్యూటరట. మందపాటి కీబోర్డు, మీటల మీద అరబ్బీ అక్షరాలు, యంత్రమంతా అందులోనే. అడాప్టర్ లేదు, తెర లేదు.

"వస్తుందా నీకు?"

"ఇండియాలో ఇలాంటివి వంద చేశా," అన్నాను. చూడ్డమే అది మొదటిసారి.

కఫీల్ కారు నడిపే జగిత్యాల డ్రైవర్ నా చెవిలో, "కాకా, గ్యాస్ నింపుడు తప్ప నీకేమెరుక? కాలవెడితె రేపే ఇంటికి టికెట్," అన్నాడు.

"నోరు మూస్కోని లైటు పట్టు."

కంప్యూటర్ అడుగున తొమ్మిది వోల్టులని రాసుంది. కఫీల్ ఏసీ షాపుకెళ్లి వెతికితే తుక్కులో అంతే ఇచ్చే బరువైన పాత అడాప్టర్ దొరికింది. కంప్యూటర్ మీది బొమ్మ ప్రకారం దానికి ప్లస్ బయట, మైనస్ లోపల; అడాప్టర్‌కేమో తలకిందులు. వైరు కోసి తిప్పి అతికించాను. మజ్లిస్‌లోని పెద్ద టీవీకి, డిష్ వచ్చాక ఎవరూ ముట్టని యాంటెనా కంతలో కేబుల్ దూర్చాను. స్విచ్ వేశాను.

టీవీ నిండా చుక్కలే. కంప్యూటర్ లైటు మినుకు మినుకు.

"టికెట్," అన్నాడు డ్రైవర్.

మీటర్ పెట్టి చూస్తే తొమ్మిది రావాల్సిన చోట సగమే వస్తోంది. అప్పుడు నెత్తి కొట్టుకున్నాను. పాత ఇల్లు, గోడ సాకెట్లన్నీ నూటపది వోల్టులు, నా అడాప్టరేమో రెండువందల ఇరవైది! అన్నేళ్లు ఆ దేశంలో కరెంటు పని చేసినవాణ్ణి నేను. ఆ గదిలో రెండువందల ఇరవై ఉన్నది ఒక్క ఏసీకే. లటుక్కున ఏసీ ప్లగ్గు పీకి అడాప్టర్ పెట్టాను. ఎండాకాలం! నిమిషాల్లో అందరికీ చెమటలు. నేను రిమోట్‌తో ఛానళ్లు జరుపుతూ పోయాను. చుక్కలు, చుక్కలు, గీతలు... ఒక్కసారిగా నీలం తెర, దాని మీద తెల్లటి అరబ్బీ అక్షరాలు!

కఫీల్ కేక పెట్టాడు. నేనూ పెట్టాను. డ్రైవర్ నన్ను ఎత్తేశాడు. కఫీల్ నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. గడ్డం మీంచి చెమట కారుతున్నా తుడుచుకోడే!

ఇదే సమయమనిపించింది. "నా ఇఖామా?" అన్నాను.

తెర మీంచి చూపు తిప్పకుండా ఒక వేలెత్తాడు. ఏడాది.

"రెండు చేయరాదా?"

వేలు ఒకటే ఉంది.

వెంటనే బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. "రెండేండ్లకు రెన్యువల్ చేస్తుండు! ఇడువనంటుండు నన్ను!"

"మంచిదాయె," అంది మా ఆవిడ. "అయితె ఏడాదన్నట్టు."