ఫోన్‌లో దొరికిన స్టాఫ్‌రూమ్

నారాయణగూడలోని ఒక పాత ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన మొదటి వారంలోనే నాకొక సంగతి అర్థమైంది. ఆ బడిలో లెక్కల గురించి నేను అడగదగినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ముందు ఆ పాఠాలు చెప్పిన సారు రిటైరై వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళంతా తెలుగు, హిందీ, సాంఘికం చెప్పేవాళ్ళు. మంచివాళ్ళు, నా టిఫిన్ డబ్బాలో తమ కూర పెట్టకుండా నన్ను తిననిచ్చేవాళ్ళు కాదు. భిన్నాల దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారని అడిగితే మాత్రం, "ఏం పరేషాన్ కాకమ్మా, బట్టీ కొట్టియ్యి, అదే వస్తది" అనేవారు.

మా ఇల్లు చిక్కడపల్లిలో. పక్కనే అశోక్‌నగర్. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాను. చాయ్ తాగుతూ ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతారు. తెలియనిది తెలియదని చెప్పి, ఎదుటివాడి దగ్గర అక్కడికక్కడే నేర్చుకుంటారు. అడగడం చిన్నతనమని నాకెప్పుడూ అనిపించకపోవడానికి కారణం ఆ వీధే అనుకుంటాను. బడిలో ఎవరూ లేకపోతే బయట వెతుక్కుందామని ఫోన్ పట్టుకున్నాను.

మొదట కనిపించిన టీచర్ల గ్రూపులన్నిటిలోనూ చేరిపోయాను. గులాబీ పూల మీద శుభోదయాలు, బదిలీల మీద పుకార్లు, డీఏ ఎప్పుడొస్తుందన్న చర్చలు. పాఠం గురించి మాట్లాడేవాళ్ళు ఆ వరదలో ఎక్కడో ఒకరు కనిపించేవారు. అలాంటివాళ్ళు ఇంకా ఎక్కడెక్కడ రాస్తున్నారో చూసుకుంటూ వెళ్ళి, చివరికి లెక్కల టీచర్లదే అయిన ఒక చిన్న గ్రూపులో చేరాను. దాన్ని నడిపేది మెదక్ వైపు సర్కారు బడిలో పనిచేసే ఒకావిడ. వయసుతో నిమిత్తం లేకుండా అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. మిగతా గ్రూపుల్లోంచి ఒక్కొక్కటిగా బయటికి వచ్చేశాను.

ఆ గ్రూపులో నా మొదటి ప్రశ్న, "పిల్లలకు భిన్నాలు రావడం లేదు, ఏం చేయాలి?" ఎవరూ పలకలేదు. రెండో రోజు మళ్ళీ రాశాను. "సగానికి మూడో వంతు కలపమంటే మా ఆరో తరగతి పిల్లలు పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడి, అయిదింట రెండు అంటున్నారు. సగానికి ఇంకా కలిపాక సగం కన్నా తక్కువ ఎలా అయిందని వాళ్ళకు అనుమానం రావాలి. ఎలా తెప్పించాలి?" ఈసారి సాయంత్రానికి జవాబులే జవాబులు. ఖమ్మం నుంచి ఒకాయన కాగితపు పట్టీలు మడిచి ఫొటోలు పంపారు. నిజామాబాద్ నుంచి ఒకావిడ, బోర్డు మీద తప్పు జవాబే రాసి పిల్లలతో వాదించమన్నారు. రెండూ చేసి చూశాను. పట్టీలు పనికొచ్చాయి. వాదన గోలగోల అయింది. ఆ రెండు సంగతులూ దాచకుండా గ్రూపులో రాశాను. అడిగి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది గానీ, చేసి చూసి తిరిగొచ్చి చెప్పేవాళ్ళు తక్కువట. అక్క నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "చెల్లె, ఆదివారం వీడియోల కలుస్తం. నువ్వు గూడ రా."

అలా ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేడ మీద గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్ళ టీచర్లతో మాట్లాడటం అలవాటైంది.

దసరా సెలవులయ్యాక నా ఆరో తరగతిలోకి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళది మహబూబ్‌నగర్ జిల్లా. తల్లిదండ్రులు గాంధీనగర్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ దగ్గర కూలి పనికి వచ్చి, అక్కడే రేకుల గదిలో ఉంటున్నారు. ఊళ్ళో అయిదో తరగతి పూర్తిచేసిన ఆ పిల్ల, ఇక్కడికొచ్చాక కొన్ని నెలలు బడి ముఖమే చూడలేదు. బోర్డు మీది లెక్కను ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుపుస్తకంలో ఎక్కించుకునేది. నేను ఏదైనా అడిగితే లేచి నిలబడి, కళ్ళు దించుకుని, కూర్చోమనేదాకా అలాగే ఉండేది. పరీక్ష పెడితే ప్రశ్నలు మాత్రం రాసి ఇచ్చింది.

మా హెడ్‌మాస్టరు మేడం ఆ పేపరు చూశారు. "ఈ పిల్లకు ఏం రాదమ్మా. పక్క ప్రైమరీల మాట్లాడి అయిదో తరగతిల కూసోబెడదాం. ఆమెకే మంచిది" అన్నారు.

"జర టైమ్ ఇయ్యండి మేడం. వచ్చే పరీక్ష దాక" అన్నాను.

"ఇస్త. కానీ ఏం చేస్తవ్?"

"తెలుసుకుంట మేడం. అడగనీకి మనుషులున్నరు నాకు."

ఆ సాయంత్రం పిల్ల పేరు గానీ బడి పేరు గానీ లేకుండా సంగతంతా గ్రూపులో రాశాను. సలహాలు చాలా వచ్చాయి. అక్క మాత్రం ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగింది.

"ఆ పిల్ల తప్పులు రాసిందా, అసలు రాయలేదా?"

"ఏం రాయలేదక్కా."

"మరి రాయని పిల్లకు లెక్కలు రావని ఎట్ల అంటం? రాదేమో, వస్తదేమో. మనకింక తెల్వదు. టీసీ మీద పాత బడి పేరుంటది గద. ఆ మండలంల ఎవరన్న మనోళ్ళున్నరా నేను అడుగుత. ఆమెకు చదువు చెప్పినోళ్ళతోని మాట్లాడు."

నాకు తట్టనే లేదు. పిల్ల మా గేటు దాటి వచ్చిన రోజు నుంచే ఆమె చదువు మొదలైందన్నట్టు నేనూ, మేడమూ మాట్లాడుకుంటున్నాం. అక్క తన పరిచయాల్లో అడిగింది, వాళ్ళు ఇంకొకరిని అడిగారు. ఆ వారాంతం రాకముందే, పాఠాలయ్యాక నేను నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగింది. ఆ ఊరి బడి సారు. బస్సుల హారన్ల మధ్య సరిగా వినపడక ఒక మెడికల్ షాపు మెట్ల మీదికి ఎక్కి నిలబడి, పిల్ల పేరు చెప్పాను.

"ఆమెనా మేడం?" అన్నాడాయన. గొంతులో సంతోషం తెలిసిపోయింది. "మా బడిల నేనొక్కన్నే టీచర్‌ను. అయిదు తరగతులు. నేను పెద్ద పిల్లలతోని ఉంటే చిన్నోళ్ళకు లెక్కలు చెప్పేది ఆమెనే."

"ఇక్కడ ఒక్క మాట మాట్లాడతలేదు సార్."

"నిలవెట్టి అడగకుండ్రి మేడం. అట్లడిగితే నా దగ్గర గూడ నోరు తెరవకపోయేది. ఎవరికన్న రాకుంటే, జర చెప్పు బిడ్డా అనుండ్రి. ఇగ ఆపదు."

మరునాడు భిన్నాలంటే హడలిపోయే ఒక అమ్మాయి పక్కన ఈ పిల్లను కూర్చోబెట్టి, "దీనికి సమజ్ అయితలేదంట. నువ్వు జర చెప్పు" అని, నేను వేరే వరుస దిద్దుతున్నట్టు అటు తిరిగాను. కాసేపటికి కాగితం చింపిన చప్పుడు. ఆ వెనక, ఆరిందా లాంటి ఆ పిల్ల గొంతు.

"ఇది సగం. ఇది మూడో వంతు. రెండు తీర్ల ముక్కలున్నయ్ గద, కలిపి ఎట్ల లెక్కవెడ్తవ్? ముందుగాల అన్నీ ఒక్క తీరువి చెయ్యాలె. చూడు, సగంల ఆరో వంతులు మూడు. దీంట్ల రెండు. ఇప్పుడు లెక్కవెట్టు."

"అయిదు."

"అయిదు ఏంది?"

"ఆరింట అయిదు."

"ఆ. గంతే."

కాగితపు పట్టీలు నేనూ మడిచాను గానీ, 'ఒక్క తీరువి' అన్న మాట నాకు దొరకలేదు. హారాలు సమానం చేయాలని చెప్పాను. పాఠ్యపుస్తకం కూడా అలాగే చెప్తుంది.

వచ్చే పరీక్ష దాకా ఆగలేదు. ఆ వారమే హెడ్‌మాస్టరు మేడంను తరగతికి పిలిచి, చివరి బెంచీలో కూర్చోబెట్టాను. పిల్లలు గుంపులుగా కూర్చుని లెక్కలు చేస్తున్నారు. ఆ అమ్మాయి ఒక గుంపుకు చెప్పి, పిలవకుండానే ఇంకో గుంపు దగ్గరికి వెళ్ళింది. మేడం చాలాసేపు చూశారు. బయటికొచ్చాక, "ఉండనియ్యి, ఆరో తరగతిలనే ఉండనియ్యి" అన్నారు. రెండడుగులు వేసి ఆగి, "ఆ ఊరి సారుతోని పిల్లను ఒకపారి మాట్లాడిస్తవా?" అని అడిగారు.

తల్లిని అడిగాను. "మాట్లాడనియ్యి మేడం. ఊరు ఇడిసినప్పటి సంది ఆ సారునే యాది చేస్తది" అంది. ఆమె పని మానుకుని రాలేనంది. ఒక మధ్యాహ్నం మేడం గదిలోనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఎట్లున్నవ్ బిడ్డా అని ఆయన అడగ్గానే ఆ పిల్ల ఎదురు ప్రశ్న వేసింది.

"సార్, ఒకటో తరగతోళ్ళకు ఎవరు చెప్తున్నరు?" అంది.

"నువ్వు పోయినంక నేనే చెప్తున్న బిడ్డా. నీ మాట ఇన్నట్టు నా మాట ఇంటలేరు."

ఆ పిల్ల నవ్వింది. మా బడికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఈ సంగతిని కూడా పేర్లు లేకుండా గ్రూపులో రాశాను. చాలామంది తమ తరగతుల్లో మాట్లాడని పిల్లల చేత పాఠం చెప్పించి చూశారు. కొందరికి కుదిరింది. వరంగల్ నుంచి ఒకాయన, తన దగ్గర ఒక పిల్లవాడు అలా అడిగితే ఇంకా బిగుసుకుపోయాడని రాశారు. దాని మీద ఆ ఆదివారం చాలాసేపు మాట్లాడుకున్నాం. అందరికీ ఒకే మందు ఉండదని ఒప్పుకుని, ఆ అబ్బాయికి ఏం చేయొచ్చో వెతికాం. అప్పటికి నేనూ కొత్తదాన్నన్న జంకు లేకుండా సలహా చెప్పే స్థాయికి వచ్చాను.

మొన్న వేసవిలో అక్క ఏదో శిక్షణ కోసం హైదరాబాద్ వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీ ముందు కలుసుకున్నాం. వీడియోలో చూసి పొడుగనుకున్నాను, నా భుజం దాకా ఉంది. హోటల్లో దోశలు చెప్పి కూర్చున్నామో లేదో, రుణ సంఖ్యలను అప్పుతో పోల్చి చెప్పడం మంచిదా కాదా అని వాదన మొదలైంది. అప్పు పోలిక పిల్లలను తికమక పెడుతుందని ఆమె, పెట్టదని నేను. దోశ చల్లారిపోయింది. "నేనొప్పుకోను చెల్లె. ఆదివారం అందరి ముందట పెట్టు, చూద్దాం" అంది అక్క.

"పెడ్త" అన్నాను.