సలోమి ఆంటీ ఫ్రెంచి శుక్రవారాలు

వేడి నేతిలో కరివేపాకు చిటపటలాడుతుంటే వచ్చే వాసనకి చాలామందికి పప్పు గుర్తొస్తుంది. నాకు మాత్రం పారిస్ గుర్తొస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా నన్ను ఎగాదిగా చూస్తారు. నేను పారిస్ మొహం చూసింది కూడా లేదు మరి. పోయిన శుక్రవారం ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, ప్లేనోలో మా వంటగదిలో నిలబడి పాప్‌కార్న్‌కి కరివేపాకు, ఎండుమిరపకాయ తాలింపు వేస్తుంటే, సలోమి ఆంటీ పక్కనే నిలబడి "ఉప్పు తక్కువేశావమ్మాయ్" అన్నట్టే అనిపించింది. ఆంటీ పోయాక ఇది మూడో ఫిబ్రవరి. తలుచుకుంటే ఏడుపు రావాలి, న్యాయానికి. కానీ ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు నవ్వే వస్తుంది.

డాక్టర్ సలోమి బాపట్ల దగ్గర పుట్టి, గుంటూరులో మెడిసిన్ చదివి, డెట్రాయిట్ చలిలో ట్రైనింగ్ చేసి, చివరికి ప్లేనోలో పురుళ్ల డాక్టరుగా రిటైరయ్యారు. మా తెలుగు చర్చిలో గంతులేసే పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చినవాళ్లే. భర్త ప్రకాశరావు అంకుల్ ఇంజనీరు. మాటలు ఆయన దగ్గర కరువు. ఆంటీ దగ్గర మాత్రం వరద. ఏటా ఫిబ్రవరి చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో ఒక పండగ జరిగేది. ఆ రోజు రాత్రి పారిస్‌లో ఫ్రెంచి సినిమా అవార్డులు ఇస్తారు. అక్కడి రాత్రి మనకి మధ్యాహ్నం. లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, పెద్ద గిన్నె నిండా తాలింపు పాప్‌కార్న్ పెట్టి, ఆంటీ పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చునేవారు. "వాళ్లక్కడ గౌన్లు వేసుకుని వస్తుంటే మనం నైటీల్లో చూస్తే ఏం మర్యాద?" అనేవారు.

ఇంతా చేసి ఆంటీకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆశ్చర్యపోయి, "మరి అర్థం కాకుండా ఎలా చూస్తారాంటీ?" అని అడిగాను. ఆవిడ పాప్‌కార్న్ నములుతూ తీరిగ్గా చెప్పారు. "నేనొచ్చిన కొత్తలో ఇంగ్లీష్ సినిమాకెళితే హాలంతా నవ్వేదమ్మాయ్. నేనొక్కదాన్నే తెల్లమొహం వేసుకుని కూర్చునేదాన్ని. హాస్పిటల్ వెనక వీధిలో ఒక చిన్న హాల్లో ఫ్రెంచి సినిమాలు వేసేవాళ్లు. అక్కడ అమెరికా వాళ్లు కూడా నాలాగే కింద పడే అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చునేవాళ్లు. ఆ రెండు గంటలూ అందరం సమానం! కొన్నాళ్లకి ఆ అక్షరాలు చదవడం కూడా మానేశాను. ఆ ఆడవాళ్ల మొహాలు చూస్తే చాలు, అన్నీ తెలిసిపోయేవి."

ఆ నటీమణులు ఆవిడకి పినతల్లి కూతుళ్లంత దగ్గర. ఎవరికి మొదటి అవార్డు ఎప్పుడొచ్చింది, ఎవరు ఎన్నిసార్లు పోటీకి వచ్చి ఉత్త చేతులతో వెళ్లారు, ఎవరు జుట్టుకి రంగు వేయడం మానేశారు, అన్నీ కంఠతా వచ్చు. "మన సినిమాల్లో హీరోయినుకి నలభై దాటితే అమ్మ వేషం. యాభై దాటితే గోడ మీద ఫొటో, దానికో దండ. అక్కడ చూడు, అరవై దాటిన మనిషి ప్రేమలో పడుతుంది, దొంగతనం చేస్తుంది, కోర్టులో కేసు గెలుస్తుంది. పైగా పిలిచి మరీ అవార్డిస్తారు" అని, ఆ ఘనతలో తనకీ వాటా ఉన్నట్టు చుట్టూ చూసేవారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఉత్తమ నటి అవార్డుకి పోటీపడేవాళ్లలో ఒక్కొక్కరం ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. ఎవరి నటి ఓడిపోతే వాళ్లు లేచి, చేతిలో గరిటె పట్టుకుని, ఆమె గెలిచి ఉంటే ఏం మాట్లాడేదో తెలుగులో మాట్లాడాలి. "గెలిచినావిడకి మైకు వాళ్లిచ్చారు. మిగతావాళ్లకి మనం ఇద్దాం" అనేవారు ఆంటీ. నేను అప్పటికి ప్లేనో వచ్చి ఏడాది కూడా కాలేదు. పగలంతా కంప్యూటర్‌తో, సాయంత్రం గోడలతో కాలక్షేపం. పరిచయం లేని పదిమంది ముందు లేవమంటే సోఫా అంచు గట్టిగా పట్టుకున్నాను. ఎలాగో లేచి, దర్శకుడికి థాంక్స్, నిర్మాతకి థాంక్స్ అంటూ గొణిగాను. ఆంటీ చెయ్యెత్తి ఆపేశారు.

"థాంక్యూలు చాల్లే గానీ, ఆవిడకేం కావాలో చెప్పు."

"నాకెలా తెలుస్తుందాంటీ?"

"గంట నుంచీ మొహం చూస్తున్నావుగా!"

టీవీలో నా నటి నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. కానీ కుర్చీ కింద పాదాన్ని చెప్పులోంచి మెల్లగా బయటికి లాగుతోంది. నేను గరిటె ఎత్తి, "నాకు మీ బొమ్మా వద్దు, మీ పూలూ వద్దు. ఇంటికెళ్లి ఈ ఎత్తు చెప్పులు అవతల పారేసి, ఇంత పెరుగన్నం తింటే చాలు" అన్నాను. ఇల్లు ఘొల్లుమంది. అమెరికా వచ్చాక నా మాటకి మనుషులు నవ్వడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో పెదవి దాటిన ఇంకో మాట నా కొంప ముంచింది. కాలేజీలో నాటకాలు వేసేదాన్నని చెప్పాను. మరుసటి ఆదివారానికల్లా చర్చిలో క్రిస్మస్ నాటకానికి నేనే దర్శకురాలినని ఖాయమైపోయింది. కోరి తెచ్చుకున్న కొరివి అంటే అదే.

నాలుగేళ్లు అలా సాఫీగా గడిచాయి. ఐదో ఫిబ్రవరిలో ఆంటీ ఎంచుకున్న నటికి డెబ్భై దాటాయి. నెరిసిన జుట్టు, ముడతలు, నల్ల గౌను. అవార్డు ఒక పాతికేళ్ల అమ్మాయికి వెళ్లింది. ఆంటీ గరిటె పుచ్చుకుని లేచారు. ఎప్పుడూ మమ్మల్ని నవ్వించి చంపే మనిషి ఆ రోజు టీవీ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత అన్నారు. "నాకు ఇంకా అయిపోలేదు. వేషం ఇవ్వండి, వేస్తాను. ఈసారి క్రిస్మస్‌కి నాకు మరియ వేషం కావాలి."

ముందు అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. క్రిస్మస్ మాట ఆ ఫ్రెంచావిడది కాదు గదా! అంకుల్ చేతిలో పాప్‌కార్న్ గిన్నెలోకే తిరిగి జారింది. "ఈ వయసులో నవ్వులపాలు కావడం ఎందుకు సలోమీ?" అన్నారాయన. ఆ ఏడాదికి అదే ఆయన అతి పొడుగాటి వాక్యం అయి ఉంటుంది. మా చర్చిలో మరియ వేషం అంటే హైస్కూల్ అమ్మాయిలది. తెల్ల చున్నీ తల మీద కప్పుకుని, బొమ్మని ఎత్తుకుని కూర్చోవాలి. డెబ్భై రెండేళ్ల మనిషి దూత ముందు మోకరిల్లి "నేను కన్యను గదా" అంటే హాలు ఏమవుతుందో నాకు తెలుసు. పాస్టరుగారు ఫోన్లో, "డాక్టరమ్మగారంటే నాకు చాలా గౌరవం. ఆ గౌరవం కోసమే వద్దంటున్నాను. పిల్లలు నవ్వుతారమ్మా" అన్నారు. నన్నే నచ్చజెప్పమన్నారు. పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ దర్శకుల నెత్తినే పడుతుంది.

ఆదివారం సాయంత్రం వెళ్లాను. ఆంటీ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను నసుగుతుంటే ఆవిడే నవ్వి, "పాస్టరుగారు వద్దన్నారా?" అన్నారు.

"ఆంటీ, మీకు మరియే ఎందుకు? నక్షత్రం అవుతారా? వ్యాఖ్యానం చదువుతారా?"

"నా సర్వీసంతా ఎంతమందికి చెప్పానో అమ్మాయ్, 'యు ఆర్ ప్రెగ్నెంట్' అని. ఒక్కొక్కరి మొహం ఒక్కో రకం. కొందరు ఏడ్చేవాళ్లు, కొందరు నన్ను కావలించుకునేవాళ్లు. మా ఇద్దరికీ పిల్లలు కలగలేదు, నీకు తెలుసుగా. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. వింటే ఎలా ఉంటుందో... స్టేజీ మీదైనా ఒక్కసారి వినాలనుంది. అంతే."

చిక్కుడుకాయ ఈనె తీయడం ఆవిడ ఆపలేదు. నాకు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి. మా చర్చివాళ్లకి చేసిన శ్రీమంతాలు గుర్తొచ్చాయి. కడుపుతో ఉన్న పిల్లకి పురుడు పోయబోయే ఈ డాక్టరమ్మే ప్రార్థన చేసేవారు, కేకు కోసేవారు. గాజులు తొడగడానికి మాత్రం పిల్లల తల్లుల్ని పిలిచేవాళ్లం. ఆవిడ పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు తీసేవారు. ఇన్నేళ్లలో ఆ నవ్వు మొహాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు నేను.

ఇంటికొచ్చి బైబిల్ తీశాను. మరియ కథ కంటే ముందే ఇంకో కథ ఉంది. అందరికీ తెలిసిందే, ఎవరూ నాటకంగా వేయనిది. ఎలీసబెతు వృద్ధురాలు, పిల్లలు లేరు. భర్త జెకర్యా యాజకుడు. నీకు కొడుకు పుడతాడని దేవాలయంలో దూత చెబితే, ఈ వయసులోనా అని జెకర్యా నమ్మడు. నమ్మనందుకు మూగవాడైపోతాడు. మరి ఆ మాట ఇంటికెళ్లి పెళ్లానికి ఎలా చెప్పి ఉంటాడు? బైబిల్ ఆ సంగతి చెప్పదు. నేను ఆ ఖాళీలో ఒక సీను రాసుకున్నాను. మర్నాడు ఫోన్ చేస్తే ఆంటీ, "ఎలీసబెతుది చిన్న వేషమే గదా?" అన్నారు. వెంటనే తనే, "పర్లేదులే, ఫ్రెంచి వాళ్లు సహాయ నటికీ అవార్డిస్తారు" అన్నారు. జెకర్యాగా మాత్రం ఎవరూ దొరకలేదు. చివరికి భయపడుతూనే అంకుల్‌ని అడిగాను. "మాట్లాడాలా?" అన్నారు. "అక్కర్లేదంకుల్, ఆయన మూగ" అన్నాను. "అయితే పెళ్లయినప్పట్నించీ నాకు రిహార్సలేగా" అన్నారు. ఆయన జోకు వేయగా నేను విన్నది ఆ ఒక్కసారే.

రిహార్సల్లో ఏ ఇబ్బందీ రాలేదు. అంకుల్ చేతులు ఉయ్యాలలా ఊపాలి, ఆకాశం వైపు చూపించాలి. ఆంటీ అర్థం చేసుకుని, "దేవుడు నన్ను మరిచిపోలేదు" అనాలి. లైట్లు చూసే అబ్బాయి దీపం ఆర్పాలి. అంతే సీను. కానీ నాటకం రోజు మా చర్చి అద్దెకి తీసుకున్న హాలు నిండిపోయింది. అంకుల్ గడ్డం పెట్టుకుని, యాజకుడి అంగీతో స్టేజీ మీదకి వచ్చి ఉయ్యాల ఊపడం మొదలెట్టగానే వెనక వరసల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది. పాస్టరుగారు తల దించుకున్నారు. నేను తెర పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాను. అంతలో అంకుల్ బిగుసుకుపోయారు. నవ్వు విని సర్వం మరిచిపోయారు. ఆకాశం చూపించలేదు. ఉయ్యాల ఆగిపోయింది. చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

ఆంటీ ఆయన దగ్గరికి నడిచారు. తొందరపడలేదు. హాలు వైపు చూడలేదు. ఆయన మొహంలోకి చూశారు. అలా ఎంతసేపు చూశారో నాకు తెలియదు గానీ, నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంకుల్ కళ్లు నిండాయి. అది నేను రాసింది కాదు. ఆయన మెల్లగా ఆవిడ చెయ్యి పట్టుకుని, తీసుకెళ్లి ఆవిడ కడుపు మీద ఉంచారు. ఆంటీ తన చేతి వైపు చూసుకున్నారు. మళ్లీ ఆయన వైపు చూశారు. నిజమా అన్నట్టు కనుబొమలు ఎత్తారు. ఆయన తలూపారు. అప్పుడు ఆంటీ నవ్వారు. చిన్న పిల్ల నవ్వు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను రాసిచ్చిన డైలాగ్ చెప్పనే లేదు. దీపం ఆర్పాల్సిన అబ్బాయి కూడా మరిచిపోయాడు. ఆ వెలుతురులోనే ఇద్దరూ నవ్వుతూ నిలబడ్డారు. హాల్లో ఆడవాళ్లు కొంగులతో, టిష్యూలతో కళ్లు తుడుచుకుంటుంటే, నేను తెర పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

తెర వెనక ఆంటీ కుర్చీలో కూలబడి నీళ్లు తాగారు. "మొదట్లో నవ్వారు కదూ?" అన్నారు.

"నవ్వారాంటీ."

"నాకు భయం వేసింది. ఆ ఫ్రెంచి ముసలావిడని తలుచుకున్నాను. ఆవిడైతే ఏం చేస్తుందా అని."

"ఏం చేస్తుంది?"

"పారిపోదు" అన్నారు. అని, వెంటనే గొంతు పెంచి, "ఏవండీ, ఆ గడ్డం తీసేయండి, దురద పెడుతుంది" అని అంకుల్ మీద పడ్డారు.

ఆ తర్వాత ఇంకా రెండు ఫిబ్రవరులు ఆంటీ పట్టుచీర కట్టుకుని పారిస్‌ని చూశారు. చివరిసారి ఒంట్లో బాగాలేక పడుకునే చూశారు. తన నటి ఓడిపోతే పడుకునే ప్రసంగం చేశారు, గరిటె మాత్రం విడవకుండా. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఫ్రెంచి సినిమా కాదు. ఎదుటి మనిషికి ఏం కావాలో మొహం చూసి కనుక్కోవడం, తెలియకపోతే నోరు తెరిచి అడగడం. ఆఫీసు మీటింగుల్లో, ప్లేనోలో పుట్టిన మా అమ్మాయితో పోట్లాటల్లో, నాకు ఇప్పటికీ అదే పనికొస్తోంది. అన్నిసార్లూ కుదురుతుందని అబద్ధం చెప్పను. కోపం వస్తే నాకు ఎవరి మొహాలూ కనపడవు.

క్రిస్మస్ నాటకం ఇంకా నా నెత్తినే ఉంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, ఎనభై దగ్గరపడ్డ మార్తమ్మగారు వాకర్ తోసుకుంటూ నా దగ్గరకొచ్చారు. అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పినట్టు, "సునీతా, నాకెప్పట్నించో గబ్రియేలు దూత వేషం వేయాలనుందమ్మా. ఎగిరేది ఆయనొక్కడేగా" అన్నారు. ఈ వయసులోనా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాను. తర్వాత రెక్కలు ఆవిడకి కట్టమంటారా, వాకర్‌కి కట్టమంటారా అని అడిగాను.