ఒక్క స్టార్ ఇచ్చినవారి ఇంటికి

ఉమామహేష్‌కి ఒకటే జబ్బు. తన యాప్‌కి ఎవరైనా ఒక్క స్టార్ ఇస్తే వాళ్ళ ఇంటికి వెళ్తాడు.

యాప్‌లు తయారుచేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఒక్క స్టార్ పడితే కొందరు తిట్టుకుంటారు, కొందరు అన్నం మానేస్తారు, కొందరు చుట్టాలందరి చేతా ఐదేసి స్టార్లు వేయించి లెక్క సరిచేసుకుంటారు. స్కూటరెక్కి వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విప్పి, "తమరేనండీ ఒక్క స్టార్ ఇచ్చినవారు?" అని వినయంగా అడిగేవాణ్ణి మాత్రం విశాఖపట్నం ఇతన్నొక్కణ్ణే చూసింది.

అడ్రసు ఎలా దొరుకుతుందంటే, రివ్యూ కిందే "మీ కష్టం తెలిసింది, ఇల్లెక్కడో చెప్పగలరు" అని జవాబు రాస్తాడు. తిట్టినవాళ్ళు ఇంకా కోపంగా అడ్రసు రాస్తారు. వస్తే రమ్మను చూద్దాం అన్నట్టు. తీరా వస్తాడు.

ఆ యాప్ పేరు 'అలల కబురు'. సముద్రం మీద గాలి ఎంత వేగంగా ఉంటుందో, కెరటం ఎంత ఎత్తు లేస్తుందో, పడవలు వెళ్ళొచ్చో కూడదో వాతావరణశాఖ వారు రోజూ చెబుతూనే ఉంటారు. దాన్ని మామూలు మాటల్లోకి మార్చి, ఫోను పట్టుకున్నవాడికి గొంతుతో వినిపించాలని ఉమామహేష్ మంచి ఉద్యోగం వదిలేసి, సీతమ్మధారలో అక్క ఇంటి మేడ మీద గదిలో కూర్చున్నాడు. సబ్బవరం పక్క రైతుల కుటుంబం వాళ్ళది. సముద్రంలో పాదం తడిపినవాళ్ళే ఆ ఇంట్లో తక్కువ. నీకెందుకురా సముద్రం గొడవ అని అక్క అడిగితే, వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు కదక్కా అన్నాడట.

మొదట యంత్రం గొంతు పెట్టాడు. అది "సముద్రము అల్లకల్లోలముగా నుండును" అని పంచాంగం చదివినట్టు చదివేది. జాలారిపేట మగాళ్ళు అది విని, కడుపుబ్బ నవ్వుకుని, చేపల వేటకి వెళ్ళిపోయేవారు. అప్పుడు దొరికింది సూర్యకళ.

సూర్యకళ జాలారిపేట మొదట్లో ఉన్న రీచార్జి కొట్లో కూర్చుంటుంది. ఇంటర్ మధ్యలో మానేసింది. ఆ ఏడే ఆమె అన్న వాసు వేటకి వెళ్ళాడు. పడవ వచ్చింది, వాసు రాలేదు. అప్పటినుంచి తల్లి చిట్టమ్మకి కనుచూపు మేరలో ఎవరో ఒకరు ఉండాలి. సూర్యకళకి మొదటినుంచీ మాట తక్కువ. కొట్టుకి వచ్చినవాళ్ళు నంబరు చెబితే తల ఊపి నొక్కడమే ఆమె వ్యాపారం. ఒకరోజు ఉమామహేష్ కొట్టు ముందు నిలబడి ఉండగా, వల భుజాన వేసుకుని వెళ్తున్న తండ్రి పోలిరాజుతో ఆమె, "నాన్నా, ఈయేల ఎల్లకు. గాలి బాగోనేదు," అంది. పోలిరాజు ఆగాడు. సముద్రం వంక చూశాడు, కూతురి వంక చూశాడు, వెనక్కి నడిచాడు.

ఆ మాట తనకి కావాలన్నాడు ఉమామహేష్. ఆమె చాలా రోజులు తల అడ్డంగా ఊపింది. చివరికి కొట్టు వెనక, గోడవైపు తిరిగి, అతని ఫోన్లో చెప్పింది: ఈయేల ఎల్లకండి. ఈయేల ఎల్లొచ్చు గాని, దూరం పోకండి. అన్నకి చెప్పలేకపోయిన మాట ఊరందరికీ చెబుతున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇక ఒక్క స్టార్ల సంగతి. ప్రతి యాత్ర తర్వాతా ఉమామహేష్ కొట్టుకి వచ్చి, బల్ల మీద కూర్చుని, జరిగినదంతా సూర్యకళకి చెబుతాడు. ఆమె తల దించుకుని నవ్వుతుంది.

ఉక్కునగరంలో తిరుమలరావు అనే ఆయన ఒక్క స్టార్ వేసి 'మోసం' అని రాశాడు. ఉమామహేష్ వెళ్ళేసరికి ఆయన నైట్ డ్యూటీ దిగి పడుకున్నాడు. లేపితే, ఎవరో కేసు పెట్టడానికొచ్చారనుకుని, తను నొక్కలేదనీ, పిల్లడెవడో నొక్కేసి ఉంటాడనీ అన్నాడు. ఆ పిల్లడికి ఏం బాధ కలిగిందో కనుక్కుందామనే వచ్చానన్నాడు ఉమామహేష్. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి అసలు సంగతి చెప్పింది. యాప్‌లో 'వెళ్ళొచ్చు' అని వస్తే ఆవిడ మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టింది. వాన కురిసింది. వెళ్ళొచ్చన్నది పడవలకమ్మా అని అతను అనలేదు. తడిసిన వడియాలు చూపించమని అడిగి, చూసి, చాలాసేపు బాధపడి వచ్చాడు. మర్నాటికి యాప్‌లో ఒక మూల వడియాల బొత్తాం వెలిసింది.

సబ్బవరంలో అప్పలసూరి అనే రైతు కథ వేరు. ఆయనకి యాప్ అంతా బాగుందట. ఆ గొంతుతోనే బాధ. "ఇంటికాడ ఎల్లకు ఎల్లకు అని మాయావిడ ఒకర్తి సాల్దేటి బావా, జేబులో కూడా ఇంకోర్తా?" అన్నాడట. సూర్యకళ ఆ పూట నవ్వాపుకోలేక కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. ఉమామహేష్ అప్పలసూరి కోసం గొంతు సౌండు తగ్గించుకునే బొత్తాం పెట్టాడు.

ఇన్ని ఇళ్ళు తిరిగాడు గాని, స్టార్ మార్చమని ఒక్కరినీ అడగలేదు. మారుస్తామని వాళ్ళే ముందుకొచ్చినా, ఉండనివ్వండి, అది ఆ రోజు మీ మనసులో ఉన్న మాట అంటాడు. ఇలాగైతే యాప్ బతుకుతుందా అని సూర్యకళ మనసులో అనుకునేది.

ఆ భయం ఊరికే కాదు. యాప్‌లు అమ్మే స్టోరువాళ్ళ నుంచి ఇంగ్లీషులో ఉత్తరాలు వస్తుండేవి. రాసేది మనిషో యంత్రమో తెలియదు. యాప్ ముందు బొమ్మలో కెరటం మీద పడవ ఉంటే, ఇది ప్రమాదకరమైన పనిని ప్రోత్సహిస్తోందని తిప్పి పంపారు. పడవని ఇసుకలోకి లాగి బొమ్మ వేస్తే, బొమ్మకీ యాప్ పనికీ సంబంధం లేదని తిప్పి పంపారు. ఉమామహేష్ ప్రతిదానికీ మర్యాదగా, వివరంగా జవాబు రాసేవాడు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని తిరుగు ఉత్తరం వచ్చేది. వాళ్ళ ఇల్లెక్కడో తెలిస్తే అక్కడికీ స్కూటరెక్కేవాడే. అడ్రసు అడిగితే, అభిప్రాయం విలువైనదని మళ్ళీ రాశారు.

ఇంతలో తుఫాను పట్టింది. ఆ పొద్దున సముద్రం అద్దంలా ఉంది. ఆకాశంలో మబ్బు కూడా లేదు. యాప్ తెరిస్తే మాత్రం సూర్యకళ గొంతు "ఈయేల ఎల్లకండి" అంది. పోలిరాజు పడవ ఒడ్డుకి లాగాడు. అతన్ని చూసి పక్కవాళ్ళూ లాగారు. సాయంత్రానికి గాలి లేచింది. కెరటాలు రోడ్డు దాకా వచ్చాయి. జాలారిపేటలో మగాళ్ళందరూ ఇళ్ళల్లోనే ఉండి పులుసన్నం తిన్నారు.

గాలి తగ్గాక ఉమామహేష్ సంబరంగా ఫోను తెరిచాడు. ఒక్క స్టార్లు. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ జాలారిపేట నుంచే. వాటి వెనకే స్టోరువాళ్ళ ఉత్తరం: మీ యాప్ మీద ఫిర్యాదులు మితిమీరాయి, వారంలో రేటింగ్ మెరుగుపడకపోతే తీసేస్తాం.

అతను కొట్టుకి వచ్చి, బల్ల మీద కూర్చోకుండానే ఫోను సూర్యకళ చేతిలో పెట్టాడు. ఆమె ముందు ఉత్తరం, తర్వాత పేర్లు చదువుకుంటూ పోయింది. అన్నీ రోజూ కుళాయి దగ్గర కనిపించే పేర్లే. అందరికంటే ముందు నొక్కిన పేరు చిట్టమ్మది. తన గొంతు వాళ్ళకింత బరువైందా అనుకుంది. సొంత తల్లికే గిట్టలేదా. మళ్ళీ గోడవైపు తిరిగి కూడా మాట్లాడకూడదనుకుంది.

"పదమ్మా, ఇల్లు చూపించు," అన్నాడు ఉమామహేష్. అలవాటు మానలేదు.

చిట్టమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపలు కోస్తోంది. అతను చెప్పులు విప్పి, అడగవలసిన ప్రశ్న అడిగి, గొంతు బాగోలేదా అమ్మా అన్నాడు. సూర్యకళ గుంజ పట్టుకుని నిలబడింది.

"గొంతుకేటైనాది? నా కూతురు గొంతు. అది ఇనే ఈదంతా ఇంటికాడ ఉండిపోనారు. నేపోతే ఈపాటికి ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులో."

"మరి ఒక్క స్టార్ ఎందుకమ్మా?"

చిట్టమ్మ వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మరేటి సెయ్యమంటావు బాబూ. ఐదూ నొక్కితే ఊరి కన్నంతా దాని మీదే పడతాది. బాగున్నదాన్ని బాగున్నాదని పైకంటే నిలుత్తాదా? మాయమ్మకి ముందు పుట్టినోళ్ళు దక్కనేదు. నా తమ్ముడు పుట్టగానే పక్కింటోళ్ళకి గుప్పెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కుని, తవుడు అనే పేరెట్టింది. పనికిరానోడని అందరూ అనుకోవాలని. ఆడిప్పుడు మనవల్నెత్తుకుని తిరుగుతన్నాడు." చేప మీద చెయ్యి ఆగింది. "నాను మాత్రం సదువుకున్నోళ్ళలాగ అందంగా ఉండాలని వాసు అని ఎట్టుకున్నాను."

పిల్లి ఒకటి వచ్చి చేపతల ఎత్తుకుపోయింది. చిట్టమ్మ దాన్ని అదిలించలేదు.

"అందుకే ఇంటింటికీ తిరిగి నానే నొక్కించినాను," అంది ఇంకో చేప అందుకుంటూ. "ఇద్దరు ఐదు నొక్కేత్తామన్నారు. తిట్టినాను."

ఉమామహేష్ జేబులోని ఫోన్లో స్టోరువాళ్ళ ఉత్తరం ఉంది. చూపించి ఒక్క మాట చెబితే చాలు, చిట్టమ్మే మళ్ళీ ఇంటింటికీ తిరిగి మార్పించేస్తుంది. సూర్యకళ అతని జేబు వంకే చూస్తోంది.

"మంచి పని చేశారమ్మా," అన్నాడు అతను. "ఇంకెవరైనా మిగిలిపోయారా?"

తమ్ముడు తవుడు ఒక్కడే మిగిలాడనీ, వాడి ఫోను పాడైపోయిందనీ చిట్టమ్మ చింతపడింది. ఉమామహేష్ ఆ ఫోను తెప్పించి, అక్కడే అరుగు మీద కూర్చుని బాగుచేసి, యాప్ పెట్టి, చిట్టమ్మ చూస్తుండగా తన వేలితో తనే ఒక్క స్టార్ నొక్కాడు.

వీధి మలుపు తిరిగాక సూర్యకళ అతనితో మొదటిసారి తనంతట తను మాట్లాడింది. "సెప్తే మార్చేత్తురు కదా సార్."

"మారుస్తారమ్మా. రేపు సముద్రం మీద ఎవరికేమైనా, ఆ స్టార్ మార్చబట్టే అయిందనుకుంటుంది మీ అమ్మ. ఇప్పటికే ఒక పేరు పెట్టినందుకు మోస్తోంది కదా."

స్కూటరు మొదటి తన్నుకి కదల్లేదు. రెండో తన్నుకీ కదల్లేదు. అతను దాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి యాప్ స్టోరులోంచి పోయింది. ఏమైందని చిట్టమ్మ అడిగితే, స్టోరుకి సున్నాలు వేస్తున్నారమ్మా, సామానంతా బయట పెట్టారు అన్నాడు. యాప్ లేదని ఊరుకోలేదు. స్కూటరుకి చిన్న మైకు కట్టి, సూర్యకళ గొంతు అందులో పెట్టి, పొద్దున్నే ఒడ్డంతా తిరిగేవాడు. కొత్తలో ఆడవాళ్ళు ఉల్లిపాయల బండి అనుకుని సంచులు పట్టుకుని బయటికొచ్చేవారు. వచ్చినవాళ్ళు గాలి సంగతి విని, సంచులు మడుచుకుని వెళ్ళేవారు. పాత పేరు మీద మళ్ళీ తీసుకునేది లేదని స్టోరువాళ్ళు రాసేశారు. కొత్త పేరు కోసం అతను కొట్టు బల్ల మీద కూర్చుని, సాగర గీతిక, తరంగ వాణి అని ఏవేవో అనుకుంటున్నాడు. మనిషి చిక్కిపోయాడు. బల్ల మీద టీ చల్లారిపోతోంది.

"తవుడు అని ఎట్టండి సార్," అంది సూర్యకళ.

అతను తలెత్తాడు.

"పేరే అలగున్నప్పుడు ఇంక కన్నెందుకు పడతాది. అమ్మ కూడా ఒప్పుకుంటాది."

స్టోరువాళ్ళు ఊరుకోలేదు. వాతావరణానికీ తవుడుకీ ఏమిటి సంబంధమని అడిగారు. ఉమామహేష్ చిట్టమ్మ చెప్పినదంతా, పిల్లవాణ్ణి అమ్మడం, కొనడం, పేరు పెట్టడం, ఇంగ్లీషులో వివరంగా రాశాడు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబు వచ్చింది. ఆ వెనకే యాప్ కూడా స్టోరులోకి వచ్చింది.

పేరు వినగానే చిట్టమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత, ఇంకేటి భయం, మీ ఇష్టమొచ్చినన్ని నొక్కుకోండి అని వీధికంతటికీ సెలవిచ్చింది. వీధంతా ఐదేసి నొక్కింది. ఉక్కునగరం నుంచి, వడియాలు ఎండాయని తిరుమలరావు భార్య నొక్కింది. గొంతు ఇంకా పెద్దదిగానే ఉందని రాసి అప్పలసూరి కూడా ఐదు నొక్కాడు.

మధ్యలో ఎక్కణ్ణుంచో ఒక్క స్టార్ ఒకటి పడింది. గంటలో స్కూటరు వచ్చి రీచార్జి కొట్టు ముందు ఆగింది. ఉమామహేష్ దిగి, రోజూ కూర్చునే బల్ల ముందు కొత్తగా వచ్చినవాడిలా చెప్పులు విప్పాడు.

"తమరేనండీ ఒక్క స్టార్ ఇచ్చినవారు?"

"నానే సార్."

"ఏం బాధ కలిగిందమ్మా?"

సూర్యకళ ఈసారి తల దించుకోలేదు. "బాధేటీ నేదు సార్. పేరొక్కటే సాల్దేమోనని."